చచ్చినట్లు పడుకునే చేప... చెరువు గట్టు దాకా వెళ్లి వెనక్కి వచ్చింది!

కైకలూరు ప్రాంతం నుంచి: చేపల సంగతి తెలియని గడప ఈ చుట్టుపక్కల లేదు. బొచ్చె ఏదో, శీలావతి ఏదో ఇక్కడ బడికి వెళ్లని పిల్లవాడు కూడా చెబుతాడు. కొరమీను, వాలగ, జెల్ల, మట్టగిడస, బొమ్మిడాయి... బుట్టలో ఏది ఉన్నా మూత తీయకుండా వాసన పట్టి పేరు చెప్పే ఆడవాళ్లు కొల్లేటి లంకల్లో ఉన్నారు. అలాంటి చోట ఒక చేప పేరు చెప్పలేక ఊరు ఊరంతా తలలు పట్టుకుందంటే వినడానికి విడ్డూరంగానే ఉంటుంది. కానీ జరిగింది.

రెండు నెలల కిందట ఇదే పేజీలో ఒక మూల 'చచ్చి బతికిన చేప' అన్న చిన్న వార్త వచ్చిన సంగతి పాఠకులకు గుర్తుండవచ్చు. ఒక విశ్రాంత ఉపాధ్యాయుని ఇంటి అద్దాల తొట్టిలో ఒక అమెరికా చేప వింత జబ్బుతో రోజూ చచ్చి, రోజూ బతుకుతోందని, చూడడానికి జనం వస్తున్నారని అందులో ఉంది. దాన్ని పంపింది ఈ విలేకరే. ఉన్నవి నాలుగు వాక్యాలు, అందులో తప్పులు రెండు. ఆ చేపది అమెరికా కాదు, ఆఫ్రికా. దానికి జబ్బూ లేదు, గిబ్బూ లేదు. తప్పు రాసిన చేతితోనే సరిదిద్దడం న్యాయం కనుక, ఆ చేప ఏమిటో తేలిన వైనం ఈసారి వివరంగా రాయడమైనది.

మనవడు వదిలి వెళ్లిన తొట్టి

మాస్టారు ముప్పై ఏళ్లకు పైగా లెక్కలు చెప్పి రిటైరయ్యారు. తొట్టి ఆయనది కాదు, మనవడిది. నాలుగడుగుల పొడవు, అడుగున ఇసుక, మధ్యలో రెండు రాళ్లు, గాలి బుడగల మిషను. కుర్రవాడు విజయవాడలో ఒక దుకాణం నుంచి బొటనవేలంత చేపలు ఎనిమిది తెచ్చి వేశాడు. దుకాణదారు వాటి పేర్లు విడివిడిగా చెప్పలేదు. 'ఆఫ్రికన్ మిక్స్' అని ఒకటే మాట, అన్నింటికీ ఒకటే ధర. తరువాత కుర్రవాడు చదువుకని హైదరాబాదు వెళ్లాడు. తొట్టికి మేత వేసే పని మామ్మగారి మీద పడింది.

ఎనిమిది చేపలలో ఏడాది తిరిగేసరికి నాలుగు మిగిలాయి. చిన్నవి, నిమ్మపండు రంగువి ఒక్కొక్కటే మాయమయ్యాయి. పిల్లి ఎత్తుకుపోయిందనుకుని తొట్టి మీద చెక్క వేశారు. చెక్క వేశాక కూడా ఒకటి పోయింది. అయినా ఎవరికీ అనుమానం తట్టలేదు. ఈ మాయమవడమే అసలు ఆధారమని తెలియడానికి చాలా రోజులు పట్టింది.

మిగిలిన నాలుగింటిలో ఒకటి మాత్రం జానెడు దాటి ఎదిగింది. తెల్లటి ఒంటి మీద ముదురు గోధుమ రంగు మచ్చలు. బురద చేత్తో ఎవరో అక్కడక్కడ అద్దినట్లు ఉంటాయి. ఒక శుక్రవారం తెల్లవారి మామ్మగారు దీపం పెట్టి వచ్చేసరికి అది ఇసుక మీద పక్కకు వాలి పడి ఉంది. రెక్క కదలదు. ఒంటి మీది మచ్చలు కుళ్లిన చేప మచ్చల్లా ఉన్నాయి. అయ్యో పోయిందే అనుకుని ఆమె గరిటె తెచ్చి తీయబోతే దబ్బున లేచి రాయి చాటుకు పోయింది. మరునాడూ అంతే. ఆ తరువాత వారంలో రెండు మూడుసార్లు.

ఈ వార్త బజారుకు పాకడానికి ఎంతసేపు? గ్రహణం ఎఫెక్టు అన్నవారున్నారు. తొట్టిలో కరెంటు వస్తోందని మోటారు మెకానిక్కును పిలిచినవారున్నారు. ఈ విలేకరి కూడా ఆ గుంపులోనే నిలబడి, నాలుగు మాటలు రాసుకుని, బస్సెక్కి వార్త పంపి చేతులు దులుపుకొన్నాడు.

బకెట్టులో ప్రయాణం

అసలు కథ ఆ తరువాత మొదలైంది. మామ్మగారి మనసు ఊరుకోలేదు. చావబోయే ప్రాణిని ఇంట్లో పెట్టుకోవడం ఎందుకు, ఊరి చెరువులో వదిలితే నాలుగు నీళ్లు తాగి బతికితే బతుకుతుంది, మనకూ పుణ్యం అని ఆమె ఆలోచన. మాస్టారు సరేనన్నారు. పాలేరు బకెట్టులో నీళ్లు పోసి, చేపను దింపి, మీద తడిగుడ్డ కప్పి చెరువు వైపు బయలుదేరాడు. వెనుక పదిమంది పిల్లలు.

ఆ చెరువును మత్స్యకారుల సంఘం పాటకు తీసుకుంది. అంతకు పది రోజుల ముందే వేలు పొడవు పిల్లను వదిలారు. ఆ ఏడాది అప్పులూ ఆశలూ అన్నీ ఆ పిల్ల మీదే. గట్టు మీద కాపలా ఉన్న సంఘం పెద్ద ఒకాయన, డెబ్బై దాటిన మనిషి, బకెట్టు చూసి లేచి వచ్చాడు. గుడ్డ తీశాడు. చేయి ముంచి చేపను ఒడిసి పట్టి, వీపు మీది రెక్కను వేళ్లతో వెనక్కి ముందుకి నిమిరాడు.

"మాస్టారూ, తమరు పెద్దవారు, కాదనను. కానీ ఇది ఏం చేపో ముందు చెప్పండి, తరువాత వదులుదురు గాని" అన్నాడు.

మాస్టారు దగ్గర జవాబు లేదు. అక్కడ చేరినవారిలో ఎవరి దగ్గరా లేదు. బకెట్టు వచ్చిన దారినే వెనక్కి వెళ్లింది. ఒక్క ప్రశ్న అడిగి ఊరి చెరువును కాపాడిన ఆ పెద్దమనిషి పేరు వేయవచ్చునా అని అడిగితే వద్దన్నాడు. "చేప పేరు వెయ్యండి బాబూ, నా పేరెందుకు" అని నవ్వేశాడు.

ముక్కు రంధ్రాలు లెక్కపెట్టండి

బడికి వెళ్లని ఆ పెద్దాయనే మొదటి ముడి కూడా విప్పాడు. రెక్కను నిమిరినప్పుడు ముందు సగం ముళ్లుగా గుచ్చుకుందని, వెనుక సగం మెత్తగా ఉందని, ఇది 'జిలేబీ చేప చుట్టమే'నని ఆయన అన్నాడు. జిలేబీ అంటే మన కాలువల్లో, గుంటల్లో విరగబడి పెరిగే తిలాపియా. ఊరికొక పేరుతో పిలుస్తారు కనుక ఈ వ్యాసంలో తిలాపియా అనే రాయడమైనది.

ఆయన మాట అక్షరాలా నిజం. ఏలూరులో ఉంటున్న ఒక విశ్రాంత మత్స్యశాఖ అధికారి దగ్గరకు మాస్టారు, ఈ విలేకరి కలిసి ఫొటోలు తీసుకుని వెళ్లినప్పుడు ఆయన మొట్టమొదట అడిగింది రంగు గురించి కాదు, ముక్కు గురించి. ఒక్కో పక్క ముక్కు రంధ్రాలు ఎన్ని? ఎవరు చూశారు! తిరిగి వచ్చి భూతద్దం పెట్టి చూస్తే ఒక్కో పక్కన ఒక్కటే ఉంది. శీలావతికి, బొచ్చెకు ఒక్కో పక్క రెండేసి ఉంటాయి. ఒకదానిలోంచి నీరు పోయి రెండోదానిలోంచి బయటికి వస్తుంది. పాఠకులు ఈసారి కూరకు చేప తెచ్చినప్పుడు పొలుసు తీసే ముందు చూడవచ్చు.

రెండో గుర్తు ఒంటి పక్కన సాగే గీత. చేప నీటి కదలికలను పసిగట్టేది ఆ గీతతోనే. కార్పు జాతి చేపలకు అది చెవి దగ్గర మొదలై తోక దాకా ఒకే వరుసగా పోతుంది. ఈ చేపకు అలా కాదు. ముందు ముక్క పైన నడిచి, వీపు రెక్క ముగిసే ఎడంలో ఆగిపోతుంది. రెండో ముక్క కిందికి జారి మళ్లీ మొదలై తోకలో కలుస్తుంది. తెగిన దారాన్ని దించి ముడివేసినట్లు ఉంటుంది. ఈ రెండు గుర్తులూ, ఒకే రెక్కలో ముందు ముళ్లు, వెనుక మెత్తటి ఈనెలు కలిసి ఉంటే అది సిక్లిడ్ కుటుంబమని శాస్త్రజ్ఞులు తేలుస్తారు. తిలాపియా ఆ కుటుంబమే. కేరళవారు ప్రాణం పెట్టే కరిమీను, మన తూర్పు తీరంలో పులికాట్ వంటి ఉప్పుటేరు నీళ్లలోనూ దొరికేది, అదీ ఆ కుటుంబమే. మన దేశానికి స్వంతమైన సిక్లిడ్లు మూడే జాతులు. ఆఫ్రికాలో వందలు, వేలు.

గొంతులో రెండో దవడ ఉండడం ఈ కుటుంబానికి ఇంకో విశేషం. నోటి దవడ పట్టుకుంటే గొంతులోని దవడ నమిలి పెడుతుంది. గొంతు ఎముకలు మన శీలావతికీ ఉన్నాయి గాని, సిక్లిడ్‌కు అవి అచ్చం రెండో నోరులా పనిచేస్తాయి. నమిలే పని గొంతు చూసుకుంటుంది కనుక ముందు నోరు ఏ ఆకారానికైనా మారవచ్చు. ఒక జాతి రాతి మీది నాచు గీకుతుంది, ఒకటి నత్తలు పగలగొడుతుంది, ఒకటి తోటి చేపల పొలుసులు పీకి తింటుంది. ఒకే కుటుంబంలో ఇన్ని రకాలు పుట్టడానికి ఇదొక కారణమంటారు.

ఫోను నిమిషానికో పేరు చెప్పింది

సిక్లిడ్ అని తేలింది, బాగానే ఉంది. ఏ సిక్లిడ్? ఇక్కడే చిక్కు. మనవడు హైదరాబాదు నుంచి ఫోను ద్వారా తనకు తోచిన సాయం చేశాడు. ఫొటో చూపితే పేరు చెప్పే ఏర్పాటు ఈ రోజుల్లో ఫోనుల్లోనే వస్తోంది. ఎదురుగా తీసిన ఫొటోకు ఆస్కార్ అంది. అది దక్షిణ అమెరికాది. పక్కనుంచి తీసిన దానికి జాగ్వార్ అంది. అది మధ్య అమెరికాది. దీపం వేసి తీస్తే మూడో పేరు. ఈ విలేకరి మొదటి వార్తలో 'అమెరికా చేప' అని రాయడానికి మూలం ఇదే. యంత్రం మీద నెపం వేయడం కాదు, రెండో మాట అడగకపోవడం మన తప్పు.

విశ్రాంత అధికారి పద్ధతి వేరు. ఆయన ఫొటోలను బల్ల మీద బోర్లించి పెట్టి ప్రశ్నలు వేశారు. ఏ చేపలతో కలిపి కొన్నారు? కొన్నప్పుడు ఎంత, ఇప్పుడెంత? నీళ్లు బోరువా, కాలువవా? తొట్టిలో ఎక్కడ తిరుగుతుంది, రాళ్ల మధ్యనా, ఇసుక మీదనా? ఏం తింటుంది? చివరికి ఆయన అడిగిన ప్రశ్నకు మాస్టారు కాసేపు మాట్లాడలేదు. "తొట్టిలో చిన్నవి ఏమైనా తగ్గాయా?"

నాలుగు తగ్గాయి.

రంగు చివర చూడాలని ఆయన అంటారు. సిక్లిడ్లలో పిల్లకు ఒక రంగు, పెద్దదానికి ఒక రంగు. మగదానికి ఒకటి, ఆడదానికి ఇంకొకటి. భయపడితే ఒకటి, జతకు వస్తే మరొకటి. రంగు చూసి పేరు పెట్టడమంటే పెళ్లి బట్టలు చూసి మనిషిని పోల్చుకోవడమేనట.

దుకాణంలో 'ఆఫ్రికన్ మిక్స్' పేరిట అమ్మే చేపలలో ఎక్కువ భాగం మలావి సరస్సు జాతులు. ఆ సరస్సులో గోధుమ మచ్చలుండి, జానెడుకు మించి పెరిగి, చేపలను తినే వర్గం ఒకటి ఉంది. నింబోక్రోమిస్ అని దాని పేరు. నింబో అంటే మబ్బు. ఒంటి మీది మచ్చలు మబ్బుల్లా కమ్మి ఉంటాయని 1989లో ఎకిల్స్, ట్రెవావస్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఈ పేరు పెట్టారు. వీరిలో ఎథెల్విన్ ట్రెవావస్ అనే ఆవిడ లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో జీవితమంతా చేపలకు అంకితం చేసిన మనిషి. 1900లో పుట్టి 1993లో మరణించారు. మన తిలాపియాల వర్గాలను విడదీసి చెప్పిన గ్రంథం కూడా ఆమెదే.

ఈ మబ్బు చేపలలో ఒక్కొక్కటే తీసివేసుకుంటూ పోయారు. ఒకదానికి మూతి పొడుగ్గా కిందికి వంగి ఉంటుంది. మాస్టారి చేపకు అలా లేదు. ఒకదానికి మచ్చలు కలిసిపోయి ఒంటి పొడవునా ముదురు చారలవుతాయి. ఇది అదీ కాదు. ఇంకొకదానికి పెద్ద మచ్చల మధ్య, రెక్కల మీద కూడా ఆవాలు చల్లినట్లు సన్నటి చుక్కలుంటాయి. భూతద్దంతో వెతికినా చుక్క కనబడలేదు. నాలుగోది జిరాఫీ మచ్చల చేప అని పేరు పడినది. దాని నేల రంగు పసుపు, మగదానికి ముఖం నీలమై నుదుటి నుంచి వీపు దాకా పసుపు పాకుతుంది. మాస్టారి చేపకు ముఖాన కాస్త నీలం కమ్మిన మాట నిజమే. అందుకే అది మగది. కానీ పసుపు జాడ ఎక్కడా లేదు. ఒళ్లు తెల్లన, మచ్చలు ముదురు, కింది రెక్కలో నారింజ ఛాయ.

మిగిలింది ఒకటే. నింబోక్రోమిస్ లివింగ్‌స్టోనీ. మలావి జాలరుల మాటలో కలింగోనో.

కలింగోనో అంటే 'నిద్రపోయేది' అని అర్థం!

ఎక్కడి సరస్సు, ఎక్కడి తొట్టి

మలావి సరస్సు తూర్పు ఆఫ్రికాలో ఉంది. మలావి, మొజాంబిక్, టాంజానియా దేశాలు దాని ఒడ్డును పంచుకున్నాయి. పొడవు సుమారు 570 కిలోమీటర్లు. విజయవాడ నుంచి విశాఖపట్నం వెళ్లి, అక్కణ్నుంచి మళ్లీ రాజమండ్రి దాకా తిరిగి వచ్చినంత దూరం. లోతు 700 మీటర్లు ఉన్న చోట్లున్నాయి. మన కొల్లేరులో మనిషి దిగితే తల మునగని చోట్లే ఎక్కువ. అంత సరస్సులో ఒక్క సిక్లిడ్ కుటుంబమే వందలాది జాతులుగా విడిపోయింది. దాదాపు అన్నీ ప్రపంచంలో మరెక్కడా పుట్టనివే. ఈ సరస్సు దక్షిణ భాగంలో కొంత ప్రాంతాన్ని 1980లో జాతీయ పార్కుగా, 1984లో ప్రపంచ వారసత్వ స్థలంగా ప్రకటించారు.

స్కాట్లండుకు చెందిన డేవిడ్ లివింగ్‌స్టన్ అనే యాత్రికుడు 1859లో ఈ సరస్సు ఒడ్డుకు చేరాడు. 1890లలో ఆల్బర్ట్ గుంథర్ అనే మ్యూజియం శాస్త్రజ్ఞుడు ఈ చేపను వర్ణించి లివింగ్‌స్టన్ పేరు తగిలించాడు. లివింగ్‌స్టన్‌కు ముందే ఆ ఒడ్డున వలలు వేసుకునే జాలరులు దానికి పెట్టుకున్న పేరే చేప గుణాన్ని చెప్పింది. కొల్లేటి గట్టు మీది పెద్దాయన వేళ్లతో నిమిరి చుట్టరికం చెప్పినట్లే.

ఆ గుణం ఏమిటంటే నటన. ఇసుక నేల మీద ఈ చేప పక్కకు ఒరిగి కదలకుండా పడుకుంటుంది. మచ్చల వల్ల అచ్చం కుళ్లుతున్న చేపలా కనబడుతుంది. చచ్చిన చేపను కొరుక్కు తిందామని చిన్న చేపలు దగ్గరకు మూగుతాయి. నిమిషాల తరబడి ఓపిక పట్టి, నోటికి అందే దూరానికి రాగానే పక్కవాటుగా ఒక్క విసురు విసురుతుంది. అంతే.  కెన్నెత్ మెకే అనే అమెరికా శాస్త్రజ్ఞుడు సరస్సులో స్వయంగా చూసి 1981లో ఈ సంగతి ప్రచురించాడు. కొంగ జపం మనకు తెలుసు. ఇది చేప జపం.

మాస్టారు లెక్కల మనిషి. చూడందే నమ్మరు. ఒక సాయంత్రం కాలువలో నుంచి చిత్తుపరిగెలు నాలుగు తెప్పించి తొట్టిలో వేయించారు. అందరం దూరంగా జరిగి, దీపం తగ్గించి కూర్చున్నాము. కాసేపు ఏమీ లేదు. తరువాత చేప నెమ్మదిగా ఇసుక మీదికి దిగింది, ఒరిగింది, ఆగింది. మొప్ప కూడా కదిలీ కదలనట్లు ఉంది. పిల్లలు ఊపిరి బిగబట్టారు. ఒక పరిగె రాయి చాటు నుంచి వచ్చి దాని పొట్ట దగ్గర మూతి పెట్టింది. అది రెక్క కదపలేదు. పరిగె ముందుకు, తల వైపు జరిగింది. ఏం జరిగిందో కన్ను పట్టుకోలేదు. ఇసుక రేగింది, పరిగె లేదు. "ఓరి దీని దొంగ వేషాలు!" అన్నారు మామ్మగారు. నిమ్మపండు రంగు చేపల లెక్క ఆ క్షణాన తేలిపోయింది. పిల్లి నిర్దోషి.

ఒక మెలిక మాత్రం ఇక్కడ చెప్పాలి. మన దేశంలో అమ్మే రంగు చేపలలో చాలా భాగం సరస్సు నుంచి తెచ్చినవి కావు. చెన్నై కొళత్తూరు, కోల్‌కతా పరిసరాల్లో తొట్లలో పెంచినవి. ఒకే తొట్టిలో రకరకాల మలావి చేపలను కలిపితే వాటిలో అవి జత కడతాయి. పుట్టిన పిల్ల ఏ జాతిదో దానికే తెలియదు. మాస్టారి చేప రూపంలోనూ నడతలోనూ కలింగోనోకు సరిపోయింది. పది తరాల వెనుక దాని తాత ఎవరో దుకాణదారు కూడా చెప్పలేడు. అధికారి తన కాగితం మీద పేరు రాసి పక్కన 'నూటికి తొంభై పాళ్లు' అని చేర్చారు. అంతకన్నా గట్టిగా చెప్పేవాడిని నమ్మవద్దని కూడా అన్నారు.

గట్టు దాటి ఉంటే?

ఇప్పుడు చెరువు సంగతికి వద్దాము. మాస్టారి తొట్టి చేప ఎనిమిదిన్నర అంగుళాలు. సరస్సులో పది అంగుళాల దాకా పెరుగుతుంది. మలావి సరస్సు నీరు కాస్త క్షారగుణం కలది, పీహెచ్ ఎనిమిది చుట్టుపక్కల ఉంటుంది. మన చెరువుల పీహెచ్ రోజూ చూసుకునే రైతులకు ఆ అంకె కొత్తదేమీ కాదు. వెచ్చదనమూ సరిపోయేదే. నీళ్లు పడకనే చస్తుందని ధైర్యం చెప్పుకోవడానికి లేదు. అందులో పది రోజుల కిందట వదిలిన పిల్ల. ఒక్క మగ చేప చెరువంతా ఊడ్చేయదు, జత లేక పిల్లలూ పెట్టదు. మామ్మగారిని భయపెట్టవలసిన పని లేదు. అయితే ఒకరు వదిలిన చోట రెండోవారు వదలరని ఎవరు హామీ? ఈ జాతి ఆడది గుడ్లను, పిల్లలను సుమారు మూడు వారాలు నోటిలోనే దాచి, మేత మానేసి సాకుతుంది. కొరమీను పిల్లలను వెంటేసుకుని కాపాడడం మనం చూసిందే. ఇది ఇంకో మెట్టు పైన. ఇలా కాచుకునే చేప పిల్లలలో చావు తక్కువ.

నోటిలో పిల్లలను దాచే చేప వదిలితే ఏమవుతుందో మనకు ఒక అనుభవం ఉండనే ఉంది. మొజాంబిక్ తిలాపియాను 1952లో సింహళం నుంచి తమిళనాడులోని మండపానికి తెచ్చారు. పేదల చేప అవుతుందని మంచి ఉద్దేశంతోనే తెచ్చారు. అది రెండు మూడు నెలలకే ఈనికకు వచ్చి, వేలు పొడవుండగానే పిల్లలు పెట్టి, చెరువు నిండా పెరగని చేపలను నింపింది. 1959లో దీన్ని కొత్త చోట్లకు చేర్చవద్దని మత్స్య పరిశోధన కమిటీ అన్నది. ఆసరికే అది కాలువ దాటింది. ఈనాడు కేంద్రం షరతులతో, అనుమతితో పెంచనిచ్చే తిలాపియా వేరు రకం, వేరు పద్ధతి.

తొట్టి అద్దాల నాచు తింటుందని కొనే నల్లటి గరుకు చేప ఇంకో ఉదాహరణ. దక్షిణ అమెరికాది. చిన్నప్పుడు ముచ్చటగా ఉంటుంది, అడుగు పొడవు కాగానే విసుగొచ్చి కాలువలో పారేస్తారు. దెయ్యం చేప అని మన రైతులు తిట్టుకునేది దానినే. తినడానికి పనికిరాదు, ముళ్లు చిక్కుకుని వల చిరుగుతుంది, గట్టుకు బొరియలు పెడుతుంది. అది ఏ నదీ తనంతట తాను ఈది రాలేదు. ఎవరో ఒకరు బకెట్టులో తెచ్చి పోసినదే.

ఆఫ్రికాలోనే విక్టోరియా సరస్సులో 1950లలో, ఆ తరువాత వదిలిన నైలు పెర్చి అనే పెద్ద చేప 1980ల నాటికి విరగబడి, అక్కడి స్వంత సిక్లిడ్లలో రెండు వందల జాతుల దాకా కనుమరుగు కావడానికి ముఖ్య కారణమైందని శాస్త్రజ్ఞుల అంచనా. దానివల్ల ఎగుమతులు, ఫ్యాక్టరీలు వచ్చిన మాటా నిజమే. లాభం ఒకరికి, నష్టం ఒకరికి.

సంఘం తీర్మానం

ఈ వివరాలన్నీ చెప్పడానికి మాస్టారే స్వయంగా ఒక ఆదివారం చెరువు గట్టుకు వెళ్లారు. నల్లబల్ల లేకపోయినా చేపాటి కర్రతో మట్టిలో రెండు చేపలు గీసి, ముక్కు రంధ్రాలు పెట్టి, పక్క గీత ఒకదానికి తెగకుండా, ఒకదానికి తెంచి చూపించారు. ఆయన పాత శిష్యులు ఆ గుంపులో ఏడెనిమిది మంది ఉన్నారు. రంగు చేపలు గాని, పేరు తెలియని చేపలు గాని ఊరి చెరువులో, కాలువలో ఎవరూ వదలరాదని సంఘం అక్కడే తీర్మానించింది. పెంచలేనివారు కొన్న దుకాణానికి తిరిగి ఇవ్వాలి, లేదా తొట్టి ఉన్న మరొకరికి అప్పగించాలి. చచ్చినదాన్ని పూడ్చాలి గాని నీళ్లలో వేయరాదు. తొట్టి కడిగిన నీళ్లు కూడా కాలువలో పోయవద్దని, మొక్కల మొదట్లో పోసుకోమని పెద్దాయన చేర్చాడు. అందులో గుడ్లు, పిల్లలు ఉండవచ్చునన్నది ఆయన భయం.

పుణ్యం మాట ఏమైందని ఎవరో అడిగితే, చెరువులోని పిల్లను తినిపించడం ఏం పుణ్యమని మామ్మగారే ఎదురు ప్రశ్న వేశారట.

చేప ప్రస్తుతం మాస్టారి ఇంటిలోనే ఉంది. మిగిలిన మూడింటిని మనవడి స్నేహితుడి తొట్టికి మార్చారు. అద్దం మీద మాస్టారు తన గుండ్రటి దస్తూరీతో ఒక చీటీ రాసి అంటించారు: 'కలింగోనో. మలావి సరస్సు, ఆఫ్రికా. జబ్బు లేదు. పడుకుంటే లేపవద్దు.'

మామ్మగారు చీటీ చదివారు, పరిగెను మింగడం కళ్లారా చూశారు. అయినా తెల్లవారి లేవగానే ముందు తొట్టి దగ్గరకు వెళ్లి, అద్దం మీద వేలితో రెండుసార్లు తడుతూనే ఉన్నారు.